ఆకుకూర వంచిన నీళ్లు

“ఉప్పు: రుచికి తగినంత.”

ఈ మాట రాసిన ప్రతి ఒక్కరి మీదా నాకు కోపం. రుచికి తగినంత వేసుకుని వేసుకునే కదా నేను ఆసుపత్రి మెట్లెక్కింది! ఏ పండగ పిండివంటల పుస్తకంలోనో ఆ మాట ఉంటే ఊరుకునేదాన్ని. అట్ట మీద గుండె బొమ్మ వేసి, ‘బీపీ ఉన్నవారికి ప్రత్యేకం’ అని అచ్చేసి, లోపల పేజీ పేజీకీ ఇదే మాట. మిరియాలు పావు చెంచా, జీలకర్ర అర చెంచా, కొత్తిమీర రెండు రెమ్మలు అని వివరంగా చెప్పినావిడకు, మనిషిని ముంచేదాని దగ్గరికి వచ్చేసరికి చెంచా కనబడలేదు.

ఇప్పుడు నా కాళ్ల వాపు తీసింది. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. డయాలసిస్ గండం పూర్తిగా తప్పిందని డాక్టరు అనలేదు, ప్రస్తుతానికి పక్కకు జరిగింది అన్నాడు. అదే పదివేలు. చేతిలో పెన్ను నిలబడుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. కొంత నా కోపం చల్లార్చుకోవడానికి, కొంత మీ వంటింట్లో ఇదే తప్పు జరగకుండా చూడటానికి.

నా పేరు పద్మావతి. ఇల్లు హిందూపురంలో. మా ఆయనకు ఇక్కడే మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. నేను రోజూ రైల్లో పెనుకొండ వెళ్లి, దాతలిచ్చిన పుస్తకాలతో నడిచే ఒక చిన్న లైబ్రరీ చూసుకుంటాను. ఇంట్లో మాతో పాటు మా అత్త హనుమక్క ఉంటుంది. ఆమె పుట్టిల్లు గుడిబండ వైపు పల్లె. తెలుగు మాట్లాడుతుంది, కన్నడంలో లెక్కపెడుతుంది, రెండు భాషల్లోనూ తిడుతుంది.

శివరాత్రికి ముందు నాకు నోరు చేదెక్కడం మొదలైంది. ఏం తిన్నా ఇనుప గరిటె నాకినట్టుండేది. రైలు దిగి లైబ్రరీ దాకా నడిచేలోపు రెండు చోట్ల కూర్చోవలసి వచ్చేది. సాయంత్రానికి చెప్పులు పట్టేవి కావు. అయినా నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే నాకు ముందే తెలుసు. మా నాయనకు ఇలాగే మొదలైంది. చివరి ఏడాది ఆయన వారానికి మూడుసార్లు మిషను దగ్గర పడుకుని, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు చూస్తూ చూస్తూ ఆయన్ను పోగొట్టుకున్నాం. నా వీపు నా వాళ్లు అలా చూడకూడదు. నాకున్న భయమల్లా అదొక్కటే.

పరీక్షలు చూసి డాక్టరు, ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ కిడ్నీలను దెబ్బతీసిందన్నాడు. జాగ్రత్తగా ఉంటే మిషను జోలికి పోకుండా చాలాకాలం నెట్టుకురావచ్చట. మందులు రాసి, “తిండి గురించి పక్క గదిలో చెబుతారమ్మా” అన్నాడు. పక్క గదిలో ఉన్న అమ్మాయి ముందు అప్పటికే పదిమంది క్యూలో ఉన్నారు. ఆమె నా చేతిలో ఒక కాగితం పెట్టి, అందులో నాలుగు చోట్ల గీత గీసింది. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, ఊరగాయ వద్దు. నాలుగో గీత కింద ఇలా ఉంది: ఆకుకూరలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, వార్చి వాడవలెను. అంతే. ఏమైనా అడుగుదామని నోరు తెరిచేలోపే తరువాతి టోకెను పిలిచారు.

ఆ ఆసుపత్రి హాలు గురించి ఒక మాట చెప్పాలి. బోల్టులు బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, పైన టీవీ. ఆ టీవీలో ఎప్పుడు చూసినా వంటల కార్యక్రమమే. నోటికి రుచి చచ్చి, నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి తాగే మనుషులం పాతికమందిమి కూర్చుంటే, మా నెత్తిన ఎవరో నూనెలో వంకాయలు దొర్లిస్తూ ఉంటారు. కట్టేయమని అడిగితే రిమోటు పోయిందన్నారు.

అక్కడే రత్నమ్మ పరిచయమైంది. ధర్మవరం మనిషి. భర్త పట్టుచీరలు నేస్తాడు, అతనికీ నా జబ్బే. మొదటిరోజు నేను గోడకు ఆనుకుని నిలబడటం చూసి తను లేచింది.

“అక్కా, ఈడ కూసో. నేను పొద్దున్నుంచీ కూసునే ఉండా.”

“వద్దమ్మా, పర్లేదు.”

“ఏం పర్లేదు? నీ మొగం సూడు, ఎట్ల తెల్లగా పాలిపోయిందో. దప్పికైతాందా? ఇదో, ఈ లవంగం బుగ్గన పెట్టుకో. మా ఇంటాయనకి ఇదే ఇస్తా. నీళ్లు తాగాలనే యావ తగ్గుతాది.”

ఆ లవంగం ముక్క నాకు ఆ రోజు ఏ డాక్టరూ ఇవ్వనంత ఊరట ఇచ్చింది.

మార్చి, ఏప్రిల్ నెలలు పుస్తకాలతో గడిచాయి. నేను లైబ్రరీ మనిషిని, కష్టం వస్తే నా చెయ్యి బీరువా మీదికే పోతుంది. ఆరోగ్యానికి అని పేరున్న వంటల పుస్తకాలు మా దగ్గర ఏడు ఉన్నాయి. ఏడూ ఇంటికి తెచ్చాను. ఒక నోట్‌బుక్కులో గళ్లు గీశాను. ఉప్పూ నూనె కొలత చెప్పిందా? చెప్పిన సరుకు హిందూపురం అంగళ్లలో దొరుకుతుందా? ఎంతమందికి వండాలో, ఎంత తినాలో ఉందా? నాలుగో గడిలో, ఇది ఎవరు తినకూడదో రాసిందా అని వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక పుస్తకమంతా ఓట్సు, ఆలివ్ నూనె, బ్రకోలీ. అందులోని బొమ్మల్లో వంటింటి గట్టు మీద ఒక్క మరక లేదు. రాసినావిడ ఎప్పుడైనా పోపు వేసిందా అని నా అనుమానం. ఇంకొక పుస్తకం కొర్రలతో బట్టతల నుంచి కాన్సరు దాకా అన్నీ కుదురుతాయంది. కొర్రలు మా తాతలూ తిన్నారు, వాళ్లూ చచ్చిపోయారు. మరొకటి చక్కెర మానమని చెప్పి, దాని బదులు గిన్నెడు బెల్లం పోసింది. ఇవన్నీ ఎవరు అచ్చేస్తారు, ఎవరు చదివి సరే అంటారు? మోటారుకు తీగ తప్పుగా చుడితే మా ఆయన్ను ఊరు ఊరంతా నిలదీస్తుంది. కూర తప్పుగా చెప్పినవాళ్లను నిలదీసేవాడే లేడు.

ఏడోది ఎర్ర అట్ట పుస్తకం. అది తెరిచాక నా కోపం కరిగింది. మా వైపు తిండి మొత్తం అందులో ఉంది. సంగటి ముద్ద, ఉలవలు, అనుములు, నాలుగైదు రకాల ఆకులు. ఉప్పుకు చెంచా కొలత ఉంది. మాట మా అవ్వ పక్కన కూర్చుని చెప్పినట్టుంది. ఇక బస్సారుకైతే ఏకంగా రెండు పేజీలు. ఇటువైపు వంట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆకుకూరా పప్పూ కలిపి బోలెడు నీళ్లలో ఉడికిస్తాం. నీళ్లు వేరే గిన్నెలోకి వంచి, ఆ నీళ్లకు కారం నూరి కలిపి చారు కాస్తాం. మిగిలిన ఆకును తాలింపు వేస్తాం. ముద్ద పక్కన ఆ రెండూ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ఆ పేజీ కింద గడి కట్టి రాసి ఉంది: ‘వంచిన నీటిని ఒక్క చుక్క కూడా పారబోయకండి. సారమంతా అందులోనే ఉంది.’

నేను ఆ వాక్యాన్ని మా అత్తకు చదివి వినిపించాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

“చూసినావా మరి! పుస్తకంలో కూడా ఉండాది. మా ఊర్లో బిందె నీళ్లకి గుట్ట దిగి ఎక్కినోళ్లం. నీళ్లు పారబోసేది నేను పుట్టి ఎరగను. అన్నం వార్చిన గంజి కూడా తాగినోళ్లమమ్మే మేము. నీకు నేను వండి పెడతా. తిని చూడు, ఎట్ల లేచి తిరుగుతావో!”

కాగితంలో ఏముంది? ఉడికించి వార్చమని. బస్సారులో మేం చేసేది అదే కదా! డాక్టరు మాటా, పుస్తకం మాటా, అత్త మాటా మూడూ ఒక్కటయ్యాయని నాకు ఎంత సంతోషమో. మా సీమలో వార్చడమంటే పారబోయడమని ఎవరికి తోస్తుంది? వార్చిన నీళ్లకు ఒక గిన్నె సిద్ధంగా ఉంటుంది. నాలుగో గడి గుర్తుంది కదా, ఇది ఎవరు తినకూడదో రాసిందా అని? ఎర్ర పుస్తకంలో ఆ ముక్క ఎక్కడా లేదు. నేను చూశాను. భాష తియ్యగా ఉందని, మా తిండి అచ్చులో కనబడిందని, ఆ గడి ఖాళీగా వదిలేసి పుస్తకానికి మొదటి మార్కు వేశాను.

అంతటితో ఆగలేదు. ఆ నెల చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకాన్ని నా పేరు మీద రాసుకుని తీసుకెళ్లి రత్నమ్మ చేతిలో పెట్టాను. “ఏడు పుస్తకాలు చదివి చెబుతున్నాను, దీన్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు” అన్నాను. ఆమె కొంగుతో అట్ట తుడిచి సంచిలో పెట్టుకుంది.

మా అత్త మాట నిలబెట్టుకుంది. వారానికి నాలుగు రోజులు బస్సారు. ఉప్పు లేని తిండి మధ్య అదొక్కటే నోటికి తెలిసేది. రెండు గిన్నెలు తాగేదాన్ని.

మే నెల మధ్యలో ఒక ఉదయం రైలెక్కడానికి కాలు ఎత్తితే లేవలేదు. నా కాలు నాదే, నా మాట వినలేదు. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంది. గుండె ఒక దెబ్బ కొట్టి, ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కొట్టింది. పక్కన పూలు అమ్ముకునే ఆమె నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, నా ఫోన్లోంచి మా ఆయనకు కబురు చేసింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆ రోజు బుట్టలో ఎన్ని పూలు వాడిపోయాయో ఏమో.

ఆసుపత్రిలో ఒంటికి తీగలు తగిలించారు, ఇంజెక్షన్లు పొడిచారు. పొటాషియం బాగా పెరిగిపోయిందట, తగ్గకపోతే సాయంత్రమే మిషను పెట్టాలట. నాకు మా నాయన వీపు కళ్లముందు కదిలింది. ఏడవడానికి కూడా ఒంట్లో బలం లేదు.

డాక్టరు మంచం దగ్గరికి వచ్చాడు. “కొబ్బరినీళ్లు తాగారా? పండ్లు తిన్నారా?”

“లేదు సార్,” అన్నాను. “ఆకుకూర కూడా మీరు చెప్పినట్టు ఉడికించి వార్చే తింటున్నా.”

మా అత్త ముందుకొచ్చింది. “నేనే వండుతాండా సార్. సొంతంగా నిలబడి వండుతాండా. ఆకు ఉడకేసి, వంచి, ఆ నీళ్లతో బస్సారు కాసి ఇస్తాండా. ఒక్క చుక్క వేస్టు చేయలేదు.”

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. “అమ్మా, వార్చమన్నది ఆ నీళ్లు పారబోయడానికి. ఆకులో ఉన్న పొటాషియం ఆ నీళ్లలోకి దిగుతుంది. మీరు ఆకు పిండి, దాని విషం ఈమెకు తాగించారు” అన్నాడు. ఆయనా అలసిపోయి ఉన్నాడు. కానీ ఆ మాట మా అత్త ముఖం మీద కొట్టినట్టు తగిలింది.

నేనైనా ఆదుకోవాల్సింది. నేను ఇంకా పెద్ద దెబ్బ కొట్టాను. “నీ పొదుపుతో నన్ను చంపబోయావు కదా అత్తా! నీళ్లు మిగిలాయి, నేను పోయేదాన్ని” అన్నాను. రెండు భాషల్లో తిట్టగల మనిషికి ఒక్క భాషా పలకలేదు. ఆమెకు ఆ వాక్యం చదివి వినిపించింది నేనే. ఆ సంగతి అప్పుడు నా నోటికి రాలేదు.

కాసేపటికి గుర్తొచ్చింది, పుస్తకం రత్నమ్మ దగ్గర ఉందని. ఆమె భర్త కిడ్నీలు నాకంటే బలహీనం. ఫోను చేస్తే ఎత్తలేదు. మా ఆయన్ను పట్టుకుని, “మీరు ధర్మవరం పోండి, ఇప్పుడే పోండి” అని అరిచాను.

“నిన్ను ఈ పరిస్థితిలో ఇడిసిపెట్టి యాడికి పోయేది?” అన్నాడాయన.

“నా పరిస్థితి చూసేవాళ్లు ఈడ ఉండారు. ఆయన్ని చూసేవాళ్లు ఎవరుండారు? ఆ పుస్తకం ఇచ్చింది నేను!”

ఆయన వెళ్లాడు. అక్కడ వీధిపేరు తెలియక, మగ్గాల చప్పుడు వినిపించిన ప్రతి ఇంటి ముందూ నిలబడి అడిగాడట. సాయంత్రం ఫోను చేసి రత్నమ్మ చేతికిచ్చాడు. నేను మాట తడబడుతూ, ఆ నీళ్లు, బస్సారు, అని ఏదేదో అన్నాను.

“మేం తాగలేదక్కా,” అంది రత్నమ్మ నిమ్మళంగా. “నా బిడ్డ ఆ పేజీ చదివింది. నేనే వద్దంటి. డాక్టరు ఉడకేసి వంచమన్న్యాడంటే ఏదో దిగిపోవాలనే కదా. మేము పట్టు ఉడకేస్తాం. సబ్బూ సోడా ఏసి ఉడికిస్తే జిగురంతా నీళ్లలోకి దిగుతాది. ఆ నీళ్లు పారబోస్తాం. మళ్లా ఆ నీళ్లలోనే పట్టు ముంచుతామా? అయినా అనుమానం ఎందుకని సార్‌నే అడిగినా, వంచిన నీళ్లు ఏం జేయాల అని. పారబొయ్యి తల్లీ అన్న్యాడు.”

“నాకు ఎందుకు చెప్పలేదు రత్నమ్మా?”

“నువ్వు ఏడు పుస్తకాలు చదివినదానివి. నీకు తెలీదని నాకేం తెలుసక్కా?”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. నేను ఏడు పుస్తకాలను ప్రశ్నలడిగాను. అడగాల్సిన మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ రోజు మిషను పెట్టలేదు. పొటాషియం మందులకే దిగింది. మూడో రోజు ఇంటికి పంపారు.

జూన్‌లో మళ్లీ పెనుకొండకు వెళ్లగలిగాను. మా ఆయన ధర్మవరం నుంచి వెనక్కి తెచ్చిన ఎర్ర పుస్తకాన్ని ఇక బీరువాలో పెట్టకూడదని లైబ్రరీ పెద్దమనిషిని అడిగాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. “చిరగలేదు, చెద పట్టలేదు. ఇచ్చిన దాత వచ్చి యాడ నా పుస్తకం అంటే ఏం చెప్పాల?” అన్నాడు. మనిషికి ఏమైనా ఫర్వాలేదు, దాత మనసు నొచ్చుకోకూడదు! పుస్తకం వెనక ఉన్న అడ్రసుకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. తియ్యగా రాయడం తెలిసినావిడకు, తప్పయిందని రాయడం రాదు కాబోలు.

అప్పుడు పుస్తకాన్ని ఇంటికి తెచ్చి, ఒక తెల్ల కాగితం మీద రాయడానికి కూర్చున్నాను. ఆ పేజీ మీదే అంటించాలని. అప్పటికి నెలకు పైగా మా అత్త వంటింట్లో అడుగుపెట్టలేదు. నేను రెండుసార్లు క్షమించమన్నాను. “నువ్వన్న్యది నిజమే కదమ్మే” అని ఊరుకుంది. వంట నేనే చేస్తున్నాను. ఆ సాయంత్రం ఎర్రతోటకూర ఉడికించి, వంచిన గిన్నె పొయ్యి పక్కన పెట్టి వచ్చాను. పారబోయాలంటే నాకూ చెయ్యి రాదు మరి.

కాగితం మీద ఒక వాక్యం రాసి తలెత్తితే, మా అత్త ఆ గిన్నెను కొంగుతో పట్టుకుని పెరట్లోకి పోతోంది. వెనకాలే వెళ్లాను. ఆమె గిన్నెను గట్టు మీద పెట్టి, వేలు ముంచి చూసి, చల్లారేదాకా కూర్చుంది. తరువాత నిదానంగా కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది.

“పారబోయలేదు,” అంది నావైపు చూడకుండా. “చెట్టుకు పోస్తాండా. చెట్టుకేం కిడ్నీలు లేవు కదా.”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను.

లోపలికొచ్చి కాగితం పూర్తిచేశాను. ఆమె పక్కన కూర్చుని, “ఏం రాసినావు? చదువు” అంది. చదివాను. ‘కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ పేజీలో చెప్పింది చేయకండి. ఆకు వంచిన నీళ్లు తాగకండి. మా ఇంట్లో తాగి ప్రాణం మీదికి వచ్చింది. ఏ పుస్తకం చదివినా మీ డాక్టరును అడగండి. నీళ్లు పారబోయడానికి మనసు రాకపోతే, చల్లార్చి చెట్టుకు పోయండి.’

“కింద పేరేది?” అంది.

“నా పేరెందుకత్తా?”

“నీ పేరు కాదు. వండింది ఎవరు? పెన్ను ఇట్లియ్యి.”

చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదువుకున్న కన్నడ అక్షరాలతో, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ, హనుమక్క అని రాసింది. గుడిబండ అని కూడా చేర్చింది.

ఆ పుస్తకం ఇప్పుడు మళ్లీ బీరువాలో ఉంది. ఏడు పుస్తకాల్లోనూ, నేను చేసిన తప్పు ఇదీ అని కింద పేరు రాసింది మా అత్త ఒక్కతే.